బడిలో మన బధిర పిల్లలకు దుభాషి ఏడి?

(తల్లిదండ్రులు, కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)



శ్మశాన స్థలం గురించి, హాస్టలు మెస్ ఛార్జీల గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడాల్సిన సభలో చెవిటి పిల్లల ముచ్చటేమిటని కొందరు కార్యకర్తలు మమ్మల్ని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పే ముందుకు పోతాం.

మేము బడిపంతుళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాదే. మా మండలంలో ముగ్గురం టీచర్లం ఆదివారాలు పట్నం వెళ్ళి, అక్కడి బధిర పెద్దల దగ్గర కూర్చొని సైగల భాష నేర్చుకున్నాం. మాకు నేర్పినవాళ్ళలో ఒకాయన టైలరు, ఇంకొకాయన ప్రింటింగు ప్రెస్సులో బైండరు. వాళ్ళే మా గురువులు. ఇప్పుడు మా పాఠాలు మేము చెప్పుకుంటూనే, ఖాళీ పీరియడ్లలో బధిర పిల్లలున్న తరగతికి వెళ్ళి దుభాషి పని చేస్తున్నాం. దీనికి ఉత్తర్వు లేదు, పోస్టు లేదు, జీతం లేదు. ఆ పనిలో చూసిందీ తెలుసుకున్నదీ మీ ముందు పెట్టడానికే వచ్చాం.

ఇది మన పల్లె సమస్య ఎట్లా అయింది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వాళ్ళలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైనే. చెవుడు కులం చూసి రాదు. మేనరికాల వల్ల కొంత వస్తుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు రుబెల్లా సోకితే వస్తుంది. పుట్టగానే కామెర్లు ముదిరితే వస్తుంది. మెదడుపొరల వాపు జ్వరంతో వస్తుంది. చీము కారే చెవికి ఏళ్ళ తరబడి వైద్యం లేక కూడా వినికిడి తగ్గుతుంది.

రావడం అందరికీ వస్తుంది. వచ్చిన తర్వాత జరిగేదాంట్లోనే కులం, డబ్బు ఉన్నాయి. ఉన్నవాళ్ళింట్లో బిడ్డ చప్పుడుకు తిరగకపోతే నెలల్లోనే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. మన పల్లెలో ఏమంటాం? ‘‘వాళ్ళ తాతకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే’’ అంటాం. ముక్కుకో దేవుడికో మొక్కుతాం. నాలుగేళ్ళు, ఐదేళ్ళు గడిచిపోతాయి. బిడ్డకు భాష పట్టుబడే వయసు సరిగ్గా అదే. ఆ వయసు పోతే తర్వాత ఎంత కష్టపడ్డా సగమే చేతికొస్తుంది.

చెవిటివాడు ఊరికి మాత్రం బాగా అక్కరకొచ్చాడు. జీతానికి పెట్టుకుంటే ఎదురు చెప్పడు. గొడ్లు కాస్తాడు, లెక్క అడగడు. ఆఖరికి పేరు కూడా మిగలదు. తల్లి పెట్టిన పేరు రేషన్ కార్డులో ఉంటుంది, ఊరందరికీ వాడు ‘మూగోడు’. పేరు పోవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన తాతల్ని ఊరు ఎట్లా పిలిచిందో మనకు తెలుసు. అదే పని మనం మన ఇంట్లో బిడ్డకు చేయొచ్చా?

అందుకే ఇది ఈ సభలో మాట్లాడాల్సిన విషయం.

మూగవాళ్ళు కాదు, మనమే భాష ఇవ్వలేదు

చెవిటి పిల్లల్లో ఎక్కువమంది గొంతుకు ఏ లోపమూ లేదు. వినపడదు కనుక మాట రాలేదు. అంతే. కళ్ళున్నాయి, చేతులున్నాయి, బుర్ర ఉంది. కళ్ళతో అందుకునే భాష ఒకటి వాళ్ళ కోసం ఉండనే ఉంది.

కొందరు పంతుళ్ళు సైగలంటే కోతిచేష్టలనుకుంటారు. నోరు తెరిచి అంటారు కూడా. భారతీయ సైగల భాషకు మాటలున్నాయి, వ్యాకరణం ఉంది. మన తెలుగులో లాగే క్రియ చివర్న వస్తుంది. ‘తెలియదు’, ‘లేదు’ అనే మాట వాక్యం చివర పడుతుంది. ‘నీ పేరు ఏమిటి’ అని అడిగితే ‘ఏమిటి’ చివరే. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి. ఆ కనుబొమలు లేవకపోతే అది ప్రశ్నే కాదు. అంటే ముఖం కూడా వ్యాకరణమే. ఇంగ్లీషు అక్షరాలను రెండు చేతులతో చూపిస్తారు. అచ్చులు ఐదూ ఒక చేతి ఐదు వేళ్ళ కొసల మీద ఉంటాయి.

అయినా ఈ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో లేదు. వాళ్ళ భాష భాషే కాదని ఎవరన్నారు? వినేవాళ్ళన్నారు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల చదువు మీద పెద్ద సభ జరిగింది. సైగలు ఆపేసి నోటి మాటే నేర్పాలని ఆ సభ తీర్మానించింది. ఓటేసినవాళ్ళలో దాదాపు అందరూ వినగలవాళ్ళే. ఆ తీర్మానం తర్వాత దేశదేశాల బళ్ళలో పిల్లలు చేతులు కదిపితే శిక్షించారు. 130 ఏళ్ళ తర్వాత, 2010లో కెనడాలోని వాంకూవర్ నగరంలో అదే వరసలో జరిగిన సభ ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం ప్రకటించింది. ఈలోపు ఎన్ని తరాలు పోయాయో లెక్కేసుకోండి. ఎవరి గురించి తీర్మానమో వాళ్ళు లేని సభలో తీర్మానం చేస్తే ఇట్లాగే ఉంటుంది.

పెదవులు చూసి అర్థం చేసుకుంటారులే అనే మాట ఇప్పటికీ వింటున్నాం. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా మూడు మాటలు పలకండి. పాట, బాట, మాట. మూడింటికీ పెదవులు ఒకే తీరున కదులుతాయి. క, గ లాంటి అక్షరాలైతే గొంతు దగ్గరే పుడతాయి, పెదవి మీద ఆనవాలే ఉండదు. కొంత వినికిడి మిగిలినవాళ్ళకు పెదవులు సాయం చేస్తాయి. అసలు వినపడని బిడ్డను పెదవులు చూసి సోషల్ పాఠం నేర్చుకోమనడం దగా.

వెనక బెంచీలో ఏం జరుగుతోంది?

ఊళ్ళో బడిలో చెవిటి బిడ్డ పేరు రిజిస్టర్లో ఉంటుంది. హాజరు పడుతుంది. మధ్యాహ్నం అన్నం తింటుంది. ‘బుద్ధిమంతురాలు, అల్లరి చేయదు’ అని పంతుళ్ళు మెచ్చుకుంటారు. బోర్డు మీది అక్షరాలు ముత్యాల్లాగా దించుకుంటుంది. ఆ నోటుబుక్కు తనిఖీకొచ్చిన అధికారికి చూపిస్తారు. అందులో ఒక్క వాక్యం చూపించి దీని అర్థమేమిటని సైగ చేసి అడిగితే బిక్కముఖం వేస్తుంది. తరగతిలో అందరూ నవ్వితే పక్కవాళ్ళ ముఖాలు చూసి తనూ నవ్వుతుంది. దేనికి నవ్వారో తెలియదు.

పంతులు బోర్డు వైపు తిరిగి ‘దీన్ని దీంతో గుణిస్తే ఇదొచ్చింది’ అంటాడు. వినేవాళ్ళకే సగం అర్థమయ్యే మాట అది. వీపు చూస్తూ కూర్చున్న బిడ్డకు ఏమర్థమవుతుంది? ఇట్లా ఏటికేడు పై తరగతిలోకి తోస్తూ పదో తరగతి దాకా తెస్తారు. పదో తరగతిలో తప్పితే ‘చెవిటిది కదా, రాదు’ అంటారు. పదేళ్ళు భాష లేని గదిలో కూర్చోబెట్టింది ఎవరు?

దుభాషి ఏం చేస్తాడు?

దుభాషి బోర్డు పక్కన, వెలుతురు ముఖం మీద పడేచోట నిలబడాలి. వెనక కిటికీ ఉంటే చేతులు నీడల్లాగా కనపడతాయి. బిడ్డ ముందు వరసలో కూర్చోవాలి. ఒకే చూపులో పంతులూ, బోర్డూ, దుభాషి చేతులూ అందాలి. పంతులు చెప్పింది ముక్కకు ముక్క మారిస్తే అది భాష కాదు. వాక్యం విని, అర్థం పట్టుకొని, ఒకటి రెండు వాక్యాల వెనకగా సైగల్లోకి తేవాలి. అందుకే పంతులు ప్రశ్న వేసి వెంటనే జవాబు లాక్కోకూడదు. రెండు క్షణాలు ఆగితే చాలు, బధిర బిడ్డ చెయ్యి కూడా లేస్తుంది. బోర్డు మీద రాస్తూ మాట్లాడకూడదు. ఆ బిడ్డకు కళ్ళు రెండే. రాత చూడాలా, చేతులు చూడాలా?

ఈ పనికి చేతులతో పాటు బుర్ర కూడా అలసిపోతుంది. ఇరవై నిమిషాలు, అరగంట దాటితే తప్పులు దొర్లుతాయి. అందుకే పద్ధతి ప్రకారం ఇద్దరు దుభాషీలు మార్చి మార్చి చేయాలి. పాఠం ముందురోజే దుభాషి చదువుకోవాలి. ‘కిరణజన్య సంయోగక్రియ’ అని పంతులు ఒక్క గుక్కలో అనేస్తాడు. దాన్ని ఎండ, ఆకు, నీళ్ళు, గాలి, ఆకులో తయారయ్యే ఆహారంగా విప్పి చూపించి, ఆ తర్వాత దానికి ఒక సైగ ఖాయం చేసుకోవాలి.

దాని ఫలితం ఎట్లా ఉంటుందో ఒక్కటి చెప్తాం. ఆరో తరగతిలో నీటి చక్రం పాఠం. ఎండకు సముద్రం నీళ్ళు ఆవిరై పైకి లేచి, మబ్బులై, మన చేల మీద వానగా పడతాయని సైగల్లో చూపించాం. ఎప్పుడూ నోరు మెదపడని పేరు పడ్డ పిల్లాడు చెయ్యెత్తాడు. ‘సముద్రం నీళ్ళు ఉప్పన కదా, వాన నీళ్ళు ఉప్పగా ఎందుకుండవు?’ అని అడిగాడు. మేము ఆ ప్రశ్నను గొంతుతో పంతులుకు చెప్పాం. ఆయన కాసేపు ఆ పిల్లాడి వంకే చూసి, ఉప్పు ఆవిరి కాదనీ, సముద్రంలోనే మిగిలిపోతుందనీ వివరంగా చెప్పాడు. తరగతి మొత్తానికీ ఆ సంగతి ఈ పిల్లాడి వల్లే తెలిసింది. తెలివి లేక కాదు ఇన్నాళ్ళూ వాడు అడగనిది.

దుభాషి నాయకుడు కాదు

ఇక్కడ కార్యకర్తలు జాగ్రత్తగా వినాలి. దుభాషి బిడ్డకు సంరక్షకుడు కాదు, పెద్దమనిషి కాదు, వకీలు కాదు. బిడ్డ ఏం చెప్పిందో అది చెప్పాలి. కోపంగా చెబితే కోపంగానే చెప్పాలి. తిడితే ఆ తిట్టు కూడా చెప్పాలి. తన తెలివి కలపకూడదు, మెత్తన చేయకూడదు. పరీక్షలో ప్రశ్నకు సైగ చేయాలిగానీ జవాబుకు కాదు. ఒకరి సంగతి విని ఇంకొకరి దగ్గర చెప్పకూడదు. మీరు కూడా బిడ్డతో మాట్లాడేటప్పుడు దుభాషి ముఖం చూసి ‘వాడు అన్నం తిన్నాడా అడుగు’ అనొద్దు. బిడ్డ ముఖం చూసి ‘అన్నం తిన్నావా’ అని అడగండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నాం? మన తరఫున మేమే మాట్లాడతామని వచ్చినవాళ్ళను మనం చాలామందిని చూశాం. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరానివాళ్ళకు కూడా తానే ప్రతినిధినని గాంధీ అంటే బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. మా మాట మేమే చెప్పుకుంటామన్నాడు. మనం మన కోసం అడిగిన హక్కు బధిరులకూ ఇవ్వాలి. రేపు దుభాషీలు సంఘం పెట్టుకొని బధిరుల పేరు మీద పెత్తనం చేస్తే, అది కూడా అగ్రహారమే అవుతుంది.

దుభాషి ఒక్కడితో అయ్యే పని కాదు

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. భాషే రాని బిడ్డ ముందు దుభాషిని నిలబెడితే ఏం లాభం? తెలుగు తెలియని మనిషి ముందు తెలుగులోకి తర్జుమా చేసినట్టుంటుంది. ఇంట్లో నాలుగు మొరటు సైగలు తప్ప ఏమీ చూడని బిడ్డ, ఆరో తరగతిలో ఉన్నట్టుండి దుభాషి చేతులు చూసి సైన్సు నేర్చుకోలేదు. ముందు భాష రావాలి. భాష పుస్తకంలోంచి రాదు, మనుషుల్లోంచి వస్తుంది. బధిర పిల్లలు తోటి బధిర పిల్లలతో ఆడుకుంటూ, బధిర పెద్దల్ని చూస్తూ నేర్చుకుంటారు.

అందుకే ‘అందరూ ఊరి బడిలోనే’ అనే తియ్యటి మాటను పరీక్షించి చూడాలి. 30 ఊళ్ళలో 30 బళ్ళలో ఒక్కో బిడ్డను ఒంటరిగా కూర్చోబెడితే అది కలుపుకోవడం కాదు, విడగొట్టడమే. వెనక బెంచీ వెలి ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. జిల్లాల్లోని బధిరుల ప్రత్యేక పాఠశాలల హాస్టళ్ళలో ఎన్ని లోపాలున్నా, పిల్లలు పదిమంది ఒకచోట ఉన్నారు కాబట్టి అక్కడ భాష బతికింది. అట్లాగని ఐదేళ్ళ బిడ్డను తల్లి నుంచి విడదీసి వంద మైళ్ళు పంపమని అనలేం. మేమనేది ఇది. దగ్గర దగ్గర ఊళ్ళ బధిర పిల్లల్ని మండలంలో ఒక్క బడిలో చేర్చండి. ఆటో ఛార్జీ సర్కారు పెట్టుకోవాలి. అక్కడ ఒక బధిర టీచరు, ఇద్దరు దుభాషీలు ఉండాలి. అదే బడిలో వినే పిల్లలూ ఉంటారు కనుక వాళ్ళకూ సైగలు వస్తాయి. మా బడిలో పిల్లలకు వచ్చాయి. పరీక్ష హాల్లో కూడా మాట్లాడుకుంటున్నారని ఇన్విజిలేటర్లు తలపట్టుకుంటున్నారు!

చెవి మిషను, ఆపరేషను వద్దని మేమనడం లేదు. వీలున్నవాళ్ళు వేగంగా చేయించుకోండి. కానీ మిషను బ్యాటరీ అయిపోయినా, ఆపరేషను తర్వాత నేర్పే శిక్షణకు పట్నం తిరగలేక ఆగిపోయినా బిడ్డ చేతిలో ఒక భాష మిగలాలి. సైగలు నేర్పితే మాటలు రావని బెదిరించేవాళ్ళను నమ్మొద్దు.

పోలీసు స్టేషన్లో, కోర్టులో

ఆడపిల్లల తల్లులు ఇది గుర్తుపెట్టుకోండి. చెప్పుకోలేదు కదా అనే ధైర్యంతోనే దుర్మార్గులు చెవిటి ఆడపిల్లల జోలికొస్తారు. 2012 పోక్సో చట్టం ప్రకారం వాంగ్మూలం తీసుకునేటప్పుడు దుభాషి సాయం, వికలాంగురాలైన బిడ్డకైతే ప్రత్యేక విద్యావేత్త సాయం, లేదా ఆమె చెప్పే తీరు తెలిసిన మనిషి సాయం తీసుకోవచ్చు. నోటితో చెప్పలేని సాక్షి కోర్టులో సైగలతో చెప్పినా అది నోటి సాక్ష్యంతో సమానమే. దాన్ని వీడియో తీయాలని చట్టంలో ఉంది. కానీ బడిలో భాష నేర్పకపోతే ఆ బిడ్డ దుభాషికైనా ఏం చెప్పగలదు? బడిలో దుభాషి లేకపోవడం మార్కులతో ఆగే నష్టం కాదు.

భాష ఉంటే ఎంతదాకా పోవచ్చో కూడా చూడండి. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సైగల భాష దుభాషి సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు.

చట్టం ఏమంటోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని 16వ సెక్షన్ బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలంటుంది. 17వ సెక్షన్ సైగల భాష వచ్చిన టీచర్లను, వికలాంగ టీచర్లతో సహా, తయారుచేసి ఉద్యోగంలో పెట్టాలంటుంది. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు. దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అనేది మన ఇష్టం.

ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. 2018లో 3,000 మాటలతో మొదలైన దాని వీడియో నిఘంటువు 2021కి 10,000 మాటలకు చేరింది. పాఠ్యపుస్తకాలను సైగల్లోకి తేవడానికి 2020 అక్టోబరులో ఎన్సీఈఆర్టీతో ఒప్పందం జరిగింది. ఇంటర్ చదివినవాళ్ళకు దుభాషి డిప్లొమా కోర్సు ఉంది. సైగల భాష నేర్పే డిప్లొమా బధిరుల కోసమే ఉంది. మన పల్లెల్లో ఇంటర్ చదివి ఖాళీగా తిరిగే పిల్లలకు ఇది మంచి ఉద్యోగం కావాలి. అయితే పోస్టులుంటే కదా!

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపైన 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించాల్సి వచ్చింది. మన మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి రిసోర్సు టీచర్లు కాంట్రాక్టు జీతంతో ఊరూరూ తిరుగుతున్నారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు. అన్ని రకాల వైకల్యాలకూ ఒకరిద్దరే దిక్కయితే, వారానికో గంట దొరికినా అది చదువు కాదు. ప్రత్యేక టీచరు వేరు, సైగల దుభాషి వేరు అని సర్కారుకు తెలియజెప్పాల్సింది మనమే.

మనం చేయాల్సింది

ఒకటి: టీకాల రోజున నర్సమ్మను అడగండి. బిడ్డ చప్పుడుకు తిరగడం లేదనిపిస్తే ఆగొద్దు. వినికిడి పరీక్ష, సర్టిఫికెట్ రెండూ చేయించండి.

రెండు: మీ పల్లెలో, పక్క పల్లెల్లో పెద్దయిన బధిరులెవరున్నారో వెతికి ఈ పిల్లల్ని కలపండి. ఇంటిల్లిపాదీ రోజుకు రెండు సైగలు నేర్చుకోండి. నాన్నలు కూడా. అమ్మ ఒక్కదానికే వదిలేయొద్దు.

మూడు: బడి యాజమాన్య కమిటీలో మీరున్నారు. ‘మా బడిలో ఇంతమంది బధిర పిల్లలున్నారు, దుభాషి కావాలి’ అని తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, మండల విద్యాధికారికి పంపి రసీదు తీసుకోండి.

నాలుగు: కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. మండలంలో బధిర పిల్లలెందరు, సైగల భాష వచ్చిన సిబ్బంది ఎందరు? ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి కరపత్రం వేయండి.

ఐదు: మన సభల్లో ఇకనుంచి ఒక దుభాషి నిలబడాలి. బధిరుల్ని ముందు వరసలో కూర్చోబెట్టాలి. మనం చేయనిది సర్కారును అడగలేం.

ఇక మన డిమాండ్లు: మండలానికొక బడిలో సైగల భాషా తరగతులు, అక్కడ బధిర టీచరు, ఇద్దరు దుభాషీలు, వాళ్ళకు రెగ్యులర్ పోస్టులు, పిల్లలకు ఉచిత రవాణా. ఇవన్నీ చట్టంలో ఉన్న హక్కును నడిపించడానికి కావాల్సినవే. దయతో ఇచ్చేది ఏదీ అడగడం లేదు.

సభ అయ్యాక ఇక్కడే కూర్చుంటాం. మీ పిల్లల పేర్లు రాయించండి. మూగోడు, చెవిటిది అని రాయం. తల్లి పెట్టిన పేరే రాస్తాం.

జైభీమ్.